ఉత్తరం వైపు చూరు

ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు కనబడినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "అంకుల్, మీ సర్వీసులో మీకు బాగా గుర్తున్న బిల్డింగ్ ఏది?" ఏదో పెద్ద టవర్ పేరు చెబుతానని ఆశగా చూస్తారు. నా మొహం! నేను పనిచేసిన టవర్లలో నా చెయ్యి పడింది బాత్‌రూము టైల్స్ దాకానే. నాకు గుర్తున్నది సింగపూరు ఉత్తరపు కొసన, సెంబవాంగ్ అవతల, మలేషియా వైపు జోహోర్ కనబడే సముద్రపు పాయ ఒడ్డున, చెట్ల మధ్య కట్టిన ఒక చిన్న విశ్రాంతి కేంద్రం. ఒక పెద్ద హాలు, దాని వెనక పది గదులు, అంతే. అది బాగా కట్టానని గుర్తుండటం కాదు, దాన్ని దాదాపు పాడుచేశాను కాబట్టి గుర్తు.

అవి సాఫ్ట్‌వేర్ పేరు చెబితే సింగపూరంతా ఊగిపోతున్న రోజులు. మా యీషున్‌లో ప్రతి బ్లాకులోనూ ఒక ఫ్లాటు నిండా మనవాళ్లే. ఆరుగురు కుర్రాళ్లు, ఒక కుక్కరు, ఒక కంప్యూటరు. రైల్లో నా పక్కన కూర్చున్న తెలుగువాడు "మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తున్నారండీ?" అని అడిగితే, నేను "డ్రాయింగ్ బోర్డు మీద" అనేవాణ్ణి. పాపం, ఆ తర్వాత స్టేషన్ దాకా మాట్లాడేవాడు కాదు. కాకినాడలో కాంట్రాక్టర్ల దగ్గర పన్నెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, నలభయ్యో ఏట ఇక్కడికి వచ్చాను. ఇంటి ప్లాను విషయంలో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం.

మా ఆఫీసు ఒక పాత దుకాణం మేడ మీద ఉండేది. ఆరుగురం. మా పెద్దాయన ఇక్కడే పుట్టి పెరిగిన చైనీయుడు, అప్పటికి అరవై ఆరేళ్లు. కార్లో ఎప్పుడూ ఒక చాప ఉండేది. కొత్త స్థలం చూడటానికి వెళ్తే ముందు చాప పరిచి పడుకునేవాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటిసారి నన్నూ పడుకోమన్నాడు. ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వెళ్లానేమో, నాకు ఒళ్లు మండింది.

"ఇక్కడికి జనం పడుకోవడానికి వస్తారు. నువ్వు నిలబడి చూస్తే నీకేం తెలుస్తుంది?" అన్నాడు ఆకాశం చూస్తూ.

నిజమే, పడుకోవడానికే. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓనరు, ముప్పై అయిదేళ్లవాడు, తన దగ్గర పనిచేసే పిల్ల ఒకతె మూడు రోజులు నిద్రలేకుండా పనిచేసి కీబోర్డు మీదే పడిపోతే హడలిపోయి, తన మనుషులకు ఊరికి దూరంగా ఒక విశ్రాంతి చోటు కావాలని మా దగ్గరికి వచ్చాడు. మా పెద్దాయన ఆయనకు రెండు మాటలిచ్చాడు. ఒక్క చెట్టు కొమ్మ కూడా కొట్టము. ఏసీ పెట్టము, అయినా చల్లగా ఉంటుంది. "ఇది నా ఆఖరి బిల్డింగ్. ఇది అయ్యాక రిటైర్ అవుతాను. అందుకని నా మాట వినాలి," అన్నాడు నవ్వుతూ. ఆయనంటే అందరికీ గురి. ఓనరు సరే అన్నాడు.

కొండవాలు తవ్వకుండా హాలును స్తంభాల మీద ఎత్తుగా లేపాము. విప్పేసిన పాత గోదాముల కలప తెచ్చి నేల పరిచాము. దక్షిణం వైపు గోడ, దాని అడుగున గాలికి సందులు. సముద్రం ఉన్న ఉత్తరం వైపు తలుపు లేదు, అద్దం లేదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా బార్లా తెరిచి ఉంటుంది. పైన పెంకుల కప్పు. నాలుగు వైపులా ఎనిమిదేసి అడుగులు బయటికి సాగిన చూరు. గొడుగు కింద కూర్చున్నట్టుగా ఉండాలని ఆయన కోరిక.

ఇక నా ఘనకార్యం వినండి.

జనవరిలో కప్పు దూలాలు లేపుతుండగా మేస్త్రీ పిలిచి చూపించాడు. ఉత్తరం చూరు వెళ్లే దారిలో టెంబుసు చెట్టు కొమ్మ అడ్డంగా ఉంది. నా నడుమంత లావు కొమ్మ. కొమ్మ కొట్టాలి, లేదా చూరు తగ్గించాలి. పెద్దాయన ఆ వారమే కంట్లో శుక్లం తీయించుకుని ఇంట్లో ఉన్నాడు. రెండో కన్ను అప్పటికే మసక. నేను చెట్టు చూశాను, చూరు చూశాను, మనసులో కాకినాడ చూశాను. మా వైపు ఎండంతా దక్షిణం నుంచే. ఉత్తరపు గోడకు తగిలేది మండు వేసవిలో కాస్త, అంతే. వాస్తు చూసేవాళ్లు కూడా ఉత్తరం వదిలెయ్యి, దక్షిణం మూసెయ్యి అనే కదా చెబుతారు! పన్నెండేళ్లు అలాగే గీశాను. పైగా నవంబరు నుంచీ నేను ఈ స్థలానికి ఎన్నిసార్లు వచ్చినా ఉత్తరం వైపు చక్కటి నీడే. ఎండ రాని వైపు ఎనిమిది అడుగుల చూరు ఎందుకండీ? రెండు చాలు అనుకున్నాను. ఒకచోట తగ్గించి మిగతాచోట ఉంచితే చూడటానికి బాగోదని ఆ చివర నుంచి ఈ చివర దాకా తగ్గించాను.

డ్రాయింగ్ మార్చుకుని ఆయన ఇంటికి వెళ్లాను. కంటికి కట్టు.

"ఏం మార్పు?" అన్నాడు.

"ఉత్తరం వైపు చిన్న మార్పు సార్. చెట్టు కొమ్మ కోసం," అన్నాను.

"నువ్వు చూశావు కదా? ఓకే లా," అని ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి, నేను వేలు పెట్టిన చోట సంతకం పెట్టాడు. ఆరు అడుగులు అని నేను చెప్పలేదు. దాచాలని కాదు. నా తెలివితేటలు ఆయన చూపు బాగుపడ్డాక తీరిగ్గా చూసి మెచ్చుకుంటాడని.

ఏప్రిల్‌లో పని పూర్తయింది. ప్రారంభం జూన్‌లో అనుకున్నారు. ఈలోగా స్థలం చూసుకోవడానికి, పనివాళ్లకు వండిపెట్టిన ఆంటీనే ఉంచారు. ఆమె మలేషియాలో పుట్టిన తెలుగావిడ. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చిన కుటుంబం. పెళ్లయి సింగపూరు వచ్చి యూ టీ అనే పేటలో స్థిరపడింది. ఆమె తెలుగులో సగం తోటల నాటిది, పావు అరవం, మిగతాది మలాయి. పొద్దున్నే నన్ను చూడగానే "బాబూ, మకాన్ ఆయిందా?" అనేది. తినలేదంటే, తినిపించేదాకా ఊరుకునేది కాదు. నాకు ఆ ప్రాజెక్టులో నాలుగు కిలోల బరువు పెరిగింది.

మే నెలలో ఒక రోజు చిన్న చిన్న పనులు చూసుకుందామని వెళ్లాను. హాల్లోకి అడుగుపెట్టి నోరెళ్లబెట్టాను. ఎంతో శ్రమపడి నునుపు చేయించిన నేల మీద, సముద్రం వైపు అంచు పొడవునా, చీరలు పరిచి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి!

"ఆంటీ! ఏమిటిది? మనుషులు పడుకునే చోటు ఇది! ఎండుమిరపకాయల కొట్టా?"

"ఏటి బాబూ, అలగరుస్తావు? ఎండెక్కడుంటే అక్కడే గదా ఎండబెడతారు. ఇక్కడున్నంత బాగా బయటెక్కడా లేదు. అంతా చెట్లే."

"హాల్లో ఎండేమిటి? అది ఉత్తరం!"

"ఉత్తరమైతే?" అని నన్ను ఎగాదిగా చూసింది. "నీది యీషున్‌లో ఫ్లాటే గదా, నీ ఇంట్లో బట్టలెవరు ఆరేత్తారు? మా వంటిల్లు ఉత్తరం. దీపావళప్పుడు గెడకేసిన బట్టలు సాయంత్రానికీ తడే. ఇప్పుడు చూడు, గంటలో కర్రలైపోతాయి. సూరీడు ఆర్నెల్లు ఇటేపు, ఆర్నెల్లు అటేపు. సిన్నపిల్లలకీ తెలుసు లా."

అవును, మన ఊరు ఎక్కడో పైన ఉంది. ఇది భూమధ్యరేఖ పక్కన. ఇక్కడ సూర్యుడు సగం సంవత్సరం నెత్తికి ఉత్తరంగానే నడుస్తాడు. స్కూల్లో చదివాను, మార్కులు కూడా వచ్చాయి. చెయ్యి మాత్రం కాకినాడలోనే ఉండిపోయింది. నా ఇంట్లో బట్టలు మా ఆవిడ ఆరేస్తుంది. నేను ఒక్కనాడు ఆ గెడ ముట్టుకున్నా ఈ గతి పట్టేది కాదు.

సుద్దముక్క తీసుకుని గంటగంటకీ ఎండ అంచున గీత గీశాను. మధ్యాహ్నం అడుగున్నర. నాలుగింటికి మూడడుగులు. అయిదు దాటాక ఇంకా లోపలికి. ఇది మే నెల. జూన్ మూడో వారానికి ఎండ ఇంకెంత దూరం వస్తుందో కూడా లెక్కేశాను. సముద్రం చూస్తూ పడుకోవడానికి అందరూ కోరుకునే చోటే అది. అక్కడ పడుకున్నవాడు మిరపకాయతో సమానం.

అప్పుడు నేనేం చేయాలి? నేరుగా ఆఫీసుకు వెళ్లి చెప్పాలి. ఏం చేశాను? ఆంటీ చేత మిరపకాయలు తీయించి, నేల కడిగించి, గీతలు చెరిపేసి ఇంటికి వెళ్లాను. వీసా కాగితం ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంది, పిల్ల ఇక్కడ స్కూల్లో ఉంది. ఈ కారణాలన్నీ నిజమే. కానీ పిరికితనానికి కారణాలకేం తక్కువ? మూడు వారాలు నోరు విప్పలేదు.

మే నెలాఖరులో ఓనరు తన భార్యతో కలిసి చూడటానికి వెళ్లి, ఉడికిపోయి వచ్చాడు. మర్నాడే మమ్మల్ని అక్కడికి పిలిచాడు. మర్యాదస్థుడు, గొంతు పెంచలేదు. "అంకుల్, అద్దాలు బిగించి ఏసీ పెట్టేద్దాం. మీరు బాధపడకండి," అన్నాడు మా పెద్దాయనతో. అంతకంటే తిట్టినా బాగుండేది.

పెద్దాయనకు అప్పటికి రెండు కళ్లూ బాగయ్యాయి. చూరు కేసి చూశాడు. చంకలో ఉన్న డ్రాయింగ్ విప్పి చూశాడు. రెండు అడుగులు. కింద తన సంతకం. తలెత్తి నా వైపు ఒక్క క్షణం చూశాడు. నేను నా బూట్లు చూసుకుంటున్నాను.

"మై మిస్టేక్," అన్నాడు. "చూరు పొట్టిగా ఇచ్చాను. నాకు మూడు వారాలు టైమివ్వు. మీవాళ్లందరినీ తీసుకురా. సాయంత్రం నాలుగింటికి, ఎండ మండేటప్పుడు. గంట పడుకోబెట్టు. ఒక్కరు ఉక్కగా ఉందని చెయ్యెత్తినా అద్దాలు నేనే బిగిస్తాను."

ఆ పూట ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. జీవితమంతా ఏసీ లేని ఇళ్లు కట్టి చూపించిన మనిషి, ఆఖరి ఇంటికి అద్దాలు బిగించుకుని వెళ్లిపోవాలా? అదీ నా మూలంగానా? మా ఆవిడ అంతా విని ఒకే మాట అంది. "పొద్దున్నే వెళ్లి చెప్పండి. చెప్పకుండా ఇంటికి రాకండి."

చెప్పాను. కొమ్మ, కాకినాడ, మిరపకాయలు, మూడు వారాలు, అన్నీ. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"సంతకం ఎవరిది?"

"మీదే సార్."

"అయితే తప్పు నాది. చూడకుండా సంతకం పెట్టడం కంటే పెద్ద తప్పు మన పనిలో లేదు." టీ కప్పు కింద పెట్టాడు. అప్పుడు చూశాను కోపం. "కానీ మూడు వారాలు తెలిసి ఊరుకున్నావు చూడు, అది నీది. ఆ మూడు వారాలు ఉంటే ఇప్పుడు మన చేతిలో ఆరు వారాలుండేవి. ఇంకెప్పుడూ అలా చెయ్యకు." అంతే. ఇంకెప్పుడూ ఆ మూడు వారాల మాట ఎత్తలేదు. పిల్లలూ, ఈ మొత్తం కథలో మీకు పనికొచ్చే ముక్క ఇదొక్కటే. పొరపాటు చేస్తారు, తప్పదు. తెలిసిన గంటలోపు చెప్పేయండి.

చూరు మళ్లీ పొడిగించడానికి కప్పు సగం విప్పాలి. టైము లేదు. వెదురు తెరలు కడితే గాలి ఆగిపోతుంది, సముద్రం కనబడదు. ఆఫీసులో తలలు పట్టుకుని కూర్చున్నాం. నేనే గొణిగాను, "మా ఊళ్లో అయితే వేసవికి పందిరి వేసేస్తారు సార్."

"ఏమిటది? గీసి చూపించు."

గీశాను. ఇంటిని ముట్టుకోకుండా విడిగా రాటలు, వాటి మీద ఆకుల కప్పు. చూరుకూ పందిరికీ మధ్య మూరెడు సందు, వేడి గాలి పైకి పోవడానికి. కొమ్మ దగ్గర ఆకులు పరవకుండా వదిలేస్తే చాలు, కొమ్మే నీడ. ఆయన కాగితం అటు తిప్పి, ఇటు తిప్పి చూసి గట్టిగా నవ్వాడు. "ఇంత తెలిసినవాడివి ఆ చూరెందుకు కోశావయ్యా!"

తాటాకులు ఎక్కడ దొరుకుతాయి? ఆంటీయే దారి చూపింది. మడచెట్ల దగ్గర పెరిగే నీపా ఆకును ఇక్కడ అత్తాప్ అంటారు. పాత మలాయి ఇళ్లకు అదే కప్పు. జోహోర్‌లో ఉన్న ఆమె తమ్ముడు కట్టలు కట్టి లారీలో పంపాడు. పందిరికి కూడా ఇక్కడ పర్మిషన్ కావాలి. పెద్దాయన ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చాడు. పది రోజులు అందరం అక్కడే. ఆంటీ నేల మీద కాళ్లు చాపుకుని ఆకులు కుట్టేది. "మా అమ్మ తోటలో ఇలాగే కుట్టేది బాబూ, నానేమో ఇస్కూలుకెళ్లి తప్పించుకున్నాను, ఇన్నాళ్లకి దొరికిపోయాను," అని నవ్వేది. పెద్దాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తాళ్లు ముడివేసేవాడు. నా ముడి ఆయనకు నచ్చేది కాదు, ఆయన ముడి ఆంటీకి నచ్చేది కాదు. విప్పి మళ్లీ వేసేది. నా ఉద్యోగ జీవితంలో అంత హాయిగా పనిచేసిన రోజులు మళ్లీ రాలేదు. భయం భయమే, నవ్వులు మాత్రం ఆగలేదు.

ఆ రోజు రానే వచ్చింది. నాలుగింటికి బస్సు దిగి ఇరవై మంది దాకా వచ్చారు. కళ్లకింద నల్లటి చారలు, నడుములకు పేజర్లు. ఓనరు చెప్పాడు, "గంటసేపు పడుకోండి. ఉక్కగా ఉంటే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు." సరిగ్గా అప్పుడే గాలి స్తంభించింది. ఒక్క ఆకు కదలడం లేదు. నేను స్తంభం పక్కన నిలబడి ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ దండాలు పెట్టుకున్నాను. పెద్దాయన మాత్రం తన చాప తెచ్చుకుని, అందరికంటే అంచున, ఎండ పడాల్సిన చోటే పడుకున్నాడు.

పది నిమిషాలకు పాయ మీద నుంచి చిన్నగా గాలి లేచింది. ఎండ పందిరి అవతలే ఆగిపోయింది. ఒకడు గురక మొదలుపెట్టాడు. ఇంకొకడు అందుకున్నాడు. నాలుగున్నరకు నా ప్రాణం కాస్త కుదుటపడుతుండగా, నేల మీద నుంచి ఒక చెయ్యి లేచింది.

కీబోర్డు మీద పడిపోయిన పిల్లే. మన గుంటూరమ్మాయి. ఓనరు లేచి మునివేళ్ల మీద వెళ్లాడు.

"ఏమ్మా, ఉక్కగా ఉందా?"

"కాదు సార్," అంది నిద్ర గొంతుతో. "కప్పుకోడానికి ఏదన్నా ఉందా? ఒంటి మీద దుప్పటి లేకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆంటీ పరుగున వెళ్లి తన నూలు చీర ఒకటి తెచ్చి కప్పింది. ఆ పిల్ల ముసుగు తన్ని పడుకుంది. ఓనరు తనూ ఒక చాప లాక్కున్నాడు. అయిదింటికి మేలుకుని ఉన్నది నేనూ, ఆంటీ మాత్రమే. నాకు ఏడుపొచ్చింది. ఆంటీ చూసి, "మకాన్ చెయ్యి బాబూ, అన్నీ సర్దుకుంటాయి," అని టీతో పాటు మురుకులు ఇచ్చింది.

ఏసీ మాట మళ్లీ రాలేదు. పెద్దాయన ఆ సంవత్సరమే రిటైర్ అయ్యాడు. వెళ్లే ముందు, రికార్డులో దాచాల్సిన పందిరి ఆఖరి డ్రాయింగ్ సంతకానికి తీసుకెళ్తే, పెన్ను నా చేతికే ఇచ్చాడు. "చూరు నాది. పందిరి నీది. డిజైన్ చేసినవాడి గళ్లో నీ పేరు రాసి సంతకం పెట్టు." పదిహేడేళ్ల సర్వీసులో ఆ గళ్లో నా పేరు రాసుకోవడం అదే మొదటిసారి. సంబరంలో ఏం జరుగుతోందో ఆలోచించలేదు.

ఇన్నేళ్ల తర్వాత అర్థమైంది. పోయిన నెల ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న వరంగల్ అమ్మాయి ఒకతె నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఏసీ లేని కట్టడాల మీద సిద్ధాంత గ్రంథం రాస్తోందట. పాత డ్రాయింగులు రెండూ ఆమె దగ్గరున్నాయి. పొట్టి చూరు కింద ఆయన సంతకం, పందిరి కింద నా సంతకం.

"మీ బాస్ గంత పెద్ద తప్పు చేస్తే, మీరే గా బిల్డింగ్‌ను కాపాడిన్రు గదా అంకుల్! గదే రాస్తున్న," అంది కళ్లు మెరిపిస్తూ.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉంటే "కరెక్టే లా" అని నవ్వి ఊరుకునేవాడు. నేను ఊరుకోలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పిల్ల తెల్లబోయి విని, "నిజమే కావచ్చు అంకుల్, కానీ రికార్డుల అట్ల లేదు. మీరు నోటితోని చెప్తే నడవదు, రాసింది ఏమన్న ఉండాలె," అంది.

ఇదిగో, రాశాను. ఆ చూరు ఆరు అడుగులు కత్తిరించింది నేను. కంటికి కట్టుతో ఉన్న మనిషికి చిన్న మార్పని చెప్పి సంతకం పెట్టించుకున్నది నేను. ఆయన చేసిన తప్పల్లా నన్ను నమ్మడం. నీ పుస్తకంలో అలాగే రాసుకో తల్లీ.